ఆరు పౌండ్లకు ముందు యాభై పౌండ్లు

డేమ్ స్టెఫానీ షిర్లీ 2025 ఆగస్టులో 91 ఏళ్ల వయసులో కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళుల్లో ఎక్కువ భాగం ఒకే కథ చెప్పాయి. నాజీల బారి నుంచి తప్పించుకుని ఐదేళ్ల పిల్లగా ఇంగ్లండులో అడుగుపెట్టింది. 1962లో ఆరు పౌండ్లతో, ఇంట్లో భోజనాల బల్ల మీద సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది. అది పెరిగి పెరిగి ఒక దశలో దాదాపు 300 కోట్ల డాలర్ల విలువకు చేరింది. తన వాటాకు వచ్చిన డబ్బులో దాదాపు 7 కోట్ల పౌండ్లు దానం చేసింది. ఈ కథ చివర ఒక ప్రశ్న కాచుకుని ఉంటుంది: ఎవరి అండా లేని ఆ పిల్ల అంత సాధిస్తే, అన్నీ ఉన్న నీకేమైంది?

మన ఊళ్లలో వ్యక్తిత్వ వికాసం పేరుతో జరిగే ఉపన్యాసాలకూ, ఇంజినీరింగ్ కాలేజీల వేదికల మీద చెప్పే స్ఫూర్తి కథలకూ ఈ అచ్చు బాగా అలవాటే. మనుషులు మారుతుంటారు, అచ్చు మారదు. మొదట ఖాళీ జేబు, మధ్యలో మొక్కవోని దీక్ష, చివర కోట్లు.

షిర్లీ జీవితాన్ని ఈ అచ్చులో పోయడాన్ని నేను ఒప్పుకోను. అందులో చెప్పే సంగతులు నిజమైనవే. కానీ ఆమె బతుకులో ఇతరుల చెయ్యి పడిన ప్రతిచోటునూ ఆ కథ తుడిచేస్తుంది. తుడిచిన చోటల్లా ఆమె పట్టుదలను రాసిపెడుతుంది. తాను ఎవరి దయవల్ల బతికిందో ఆమె జీవితాంతం చెబుతూనే వచ్చింది. కాపాడిన ప్రాణానికి ఒక విలువ ఉండేలా బతకాలన్నదే తన పనికి మూలమని ఆమె ఎన్నో సభల్లో చెప్పింది. ఆ మాట పక్కనపెట్టి ఆమెను ఒంటరి వీరురాలిగా నిలబెట్టడం ఆమెకు చేసే గౌరవం కానేకాదు.

ఆమె అసలు పేరు వేరా బుక్‌తాల్. 1933లో జర్మనీలోని డోర్ట్‌ముండ్‌లో పుట్టింది. తండ్రి యూదుడు, న్యాయమూర్తి. నాజీలు గద్దెనెక్కాక ఆయన పదవి ఊడింది. కుటుంబం వియన్నా చేరింది. 1938లో ఆస్ట్రియా కూడా హిట్లర్ గుప్పిట్లోకి పోయింది. 1939 జులైలో ఆ తల్లిదండ్రులు ఐదేళ్ల వేరానూ, తొమ్మిదేళ్ల అక్క రెనాటేనూ వియన్నాలో రైలెక్కించారు. పిల్లలిద్దరూ లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగారు. తల్లిదండ్రులు కూడా తర్వాత ప్రాణాలతో బయటపడ్డారు గానీ, ఆ రైలు దగ్గర తెగిన బంధం మళ్లీ మునుపటిలా అతకలేదు.

ఆ రైలు దానంతటది కదిలిందా? 1938 నవంబరులో జర్మనీ, ఆస్ట్రియాల్లో యూదుల ఇళ్ల మీద, దుకాణాల మీద, ప్రార్థనా మందిరాల మీద మూకలు విరుచుకుపడ్డాక, బ్రిటన్‌లోని యూదు సంఘాలూ, క్వేకర్లనే క్రైస్తవ శాఖవారూ తమ ప్రభుత్వం వెంటపడ్డారు. పెద్దవాళ్లకు వీసాలు ఇవ్వడానికి వెనకాడిన ఆ ప్రభుత్వం, 17 ఏళ్లలోపు పిల్లలను తల్లిదండ్రులు లేకుండా రానివ్వడానికి మాత్రం తలూపింది. అదీ ఖజానా మీద పైసా భారం పడకూడదన్న షరతు మీద. కొన్నాళ్లకు ఒక్కో బిడ్డకూ 50 పౌండ్ల పూచీకత్తు చూపించాలంది. ఆ రోజుల్లో మామూలు సంసారికి అది మోయలేని మొత్తం. వియన్నాలో గెర్ట్రూడా వైస్‌ముల్లర్ అనే డచ్చి మహిళ నాజీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్ గదిలోకి నేరుగా వెళ్లి, వాదించి, తొలి విడతగా 600 మంది పిల్లలను పంపడానికి ఒప్పించింది. రైళ్లలో పిల్లల వెంట వచ్చిన స్వచ్ఛంద సేవకులున్నారు, పత్రాలు సిద్ధం చేసినవాళ్లున్నారు, చందాలు పోగుచేసినవాళ్లున్నారు. యుద్ధం మొదలయ్యేలోగా, ఏడాదైనా తిరక్కుండా, దాదాపు 10,000 మంది పిల్లలు గట్టెక్కారు.

ఆరు పౌండ్ల గురించి చెప్పేవాళ్లు ఈ యాభై పౌండ్ల మాట ఎత్తరు. ఎవరో ఒకరు పూచీ పడితేనే బిడ్డకు దారి తెరుచుకునే రోజులవి. ఆ పూచీ లేకుండా ఆ ఆరు పౌండ్లు లేవు. స్టేషన్‌లో దిగిన అక్కచెల్లెళ్లను మిడ్‌లాండ్స్‌లో సటన్ కోల్డ్‌ఫీల్డ్ దగ్గర కాపురముండే గై, రూబీ స్మిత్ దంపతులు తమ ఇంటికి తీసుకెళ్లి పెంచారు. ముక్కూ మొహం తెలియని, భాష రాని ఇద్దరు ఆడపిల్లలకు అన్నం పెట్టి, బడికి పంపి, కన్నబిడ్డల్లా చూసుకున్న ఆ ఇద్దరూ ఏ స్ఫూర్తి ప్రసంగంలోనూ కనిపించరు.

అందరూ ఆ రైలెక్కలేదన్నది ఇంకా పెద్ద సంగతి. చెకోస్లోవేకియా నుంచి 669 మంది పిల్లలను తరలించిన నికొలస్ వింటన్ బృందం 1939 సెప్టెంబరు 1న మరో 250 మందిని ప్రాగ్ నుంచి పంపడానికి సిద్ధం చేసింది. ఆ రోజే హిట్లర్ పోలండ్ మీద పడ్డాడు. సరిహద్దులు మూతపడ్డాయి, రైలు కదల్లేదు. ఆ పిల్లల్లో యుద్ధం చివరిదాకా బతికి బట్టకట్టినవాళ్లు చాలా తక్కువ. అదే ఏడాది అమెరికాలో 20,000 మంది పిల్లలను రానివ్వాలని ప్రతిపాదించిన బిల్లు ఓటింగు దాకా కూడా రాకుండానే మూలపడింది. ఆ పిల్లల్లో లెక్కలంటే చెవి కోసుకునే అమ్మాయిలు లేరా? రాత్రిళ్లు మేలుకుని చదివే ఓపిక ఉన్నవాళ్లు లేరా? వాళ్లకు తక్కువైంది సంకల్పం అని చెప్పగల మనిషి ఎవరైనా ఉన్నారా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా షిర్లీ కథను పట్టుదల కథగా చెప్పడానికి వీల్లేదు.

బడి సంగతి చూడండి. ఓస్వెస్ట్రీలో ఆమె చదివిన ఆడపిల్లల హైస్కూల్లో ఆమెకు కావలసిన స్థాయి గణితం చెప్పేవారు లేరు. పక్కనున్న మగపిల్లల బడికి వెళ్లి నేర్చుకోవడానికి ఆమెకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. అడిగింది ఆమె. ఇవ్వడానికి పెద్దలు ఒప్పుకోవాలి, ఒప్పుకున్నారు. 18 ఏళ్లు నిండాక ఆమె లండన్‌లోని డాలిస్ హిల్‌లో ఉన్న తపాలా శాఖ పరిశోధన కేంద్రంలో ఉద్యోగంలో చేరింది. యుద్ధకాలంలో ఇంజినీరు టామీ ఫ్లవర్స్ బృందం జర్మన్ల రహస్య సంకేతాలను ఛేదించే కొలోసస్ యంత్రాన్ని తయారుచేసిన చోటు అదే. ప్రజల సొమ్ముతో నడిచే ఆ సంస్థలోనే ఆమె కంప్యూటర్ అంటే ఏమిటో చేత్తో ముట్టుకుని నేర్చుకుంది. పగలు కొలువు, సాయంత్రాలు తరగతులు, ఆరేళ్ల తర్వాత గణితంలో పట్టా. ఆ కష్టం పూర్తిగా ఆమెదే, అందులో మరొకరికి వాటా లేదు. కానీ కష్టపడటానికి ఒక చోటు ఉండాలి కదా. ఆ చోటును ఒక సమాజం కట్టిపెట్టింది.

ఇక ఆ ఆరు పౌండ్లు. 1962లో బకింగ్‌హమ్‌షైర్‌లోని చెషమ్‌లో ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్ అనే కంపెనీ మొదలైన నాటికి ఆమె చేతిలో అంతకంటే ఎంతో విలువైన పెట్టుబడి ఉంది. పదేళ్లకు పైబడిన సాంకేతిక అనుభవం. భౌతిక శాస్త్రవేత్త అయిన భర్త డెరెక్ షిర్లీ తోడ్పాటు. ఆరు పౌండ్లు ఉత్తరాలకూ ఫోనుకూ సరిపోయే డబ్బు. కంపెనీ నిలిచింది వాటి మీద కాదు. ఆ అంకెను మాత్రమే పట్టుకుని ఊగే ఉపన్యాసకులు, చేతిలో ఏ విద్యా, ఏ ఆసరా లేని కుర్రాడికి తప్పుడు లెక్క నేర్పుతున్నారు. ఆ లెక్క నమ్మి అప్పుచేసి మునిగినవాడికి వాళ్లెవరూ పూచీ పడరు.

ఆ కాలంలో సాఫ్ట్‌వేర్‌ను విడిగా అమ్మడమన్న ఆలోచనే జనానికి నవ్వులాటగా ఉండేది. యంత్రం కొంటే ప్రోగ్రాములు ఊరికే వచ్చేవి. పైగా అమ్మేది ఆడమనిషి. తన పేరుతో రాసిన ఉత్తరాలకు జవాబులు రాకపోతుంటే, భర్త సలహా మీద "స్టీవ్ షిర్లీ" అని సంతకం పెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. ఈ ఘట్టాన్ని చతురత కింద చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. పనిలో అణుమాత్రం తేడా లేదు, అర్హతలో తేడా లేదు, సంతకంలో మగపేరు ఉంటే పిలుపొచ్చింది, ఆడపేరు ఉంటే రాలేదు. ఇది ఒక మనిషి తెలివికి నిదర్శనమయ్యే ముందు ఒక వ్యవస్థ మీద నేరారోపణ. ఆ పేరు తట్టని వందల మంది స్త్రీల ఉత్తరాలు చెత్తబుట్టల్లోకి పోయి ఉంటాయి. వాళ్లలో ఎవరి కథా మనకు దక్కలేదు.

ఆ కంపెనీని నిలబెట్టింది ఎవరో కూడా చెప్పుకోవాలి. పెళ్లో, కాన్పో కారణంగా కొలువులు వదిలేయాల్సి వచ్చిన చదువుకున్న స్త్రీలు. తొలి 300 మంది ఉద్యోగుల్లో 297 మంది ఆడవాళ్లే. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని, పెన్సిలుతో ప్రోగ్రాములు రాసేవాళ్లు. రాసినవి తపాలాలో పంపేవాళ్లు, సందేహాలు ఫోనులో తీర్చుకునేవాళ్లు. ఖాతాదారు ఫోను చేసినప్పుడు పిల్లల ఏడుపు వినపడకుండా టైపు కొడుతున్న చప్పుడు రికార్డు చేసి వెనక వినిపించేవాళ్లని షిర్లీయే చెప్పింది. కాంకర్డ్ విమానం బ్లాక్ బాక్స్‌కు సంబంధించిన ప్రోగ్రామింగ్ చేసింది ఇలా ఇళ్ల నుంచి పనిచేసిన 30 మంది దాకా స్త్రీల బృందమే. ధ్వని వేగాన్ని మించి ఎగిరే విమానం లెక్కలు చంటిపిల్లలు ఆడుకుంటున్న గదుల్లో తయారయ్యాయి.

వీళ్లకు ఆమె ఉపాధి ఇచ్చి ఆదుకుందని రాసేవాళ్లున్నారు. అది తలకిందులు మాట. ఆదుకోవలసినంత నిస్సహాయులు కారు వాళ్లు. శిక్షణ పొందిన ప్రోగ్రామర్లు దేశంలో అరుదుగా ఉన్న రోజుల్లో, ఆ అరుదైన నైపుణ్యాన్ని మిగతా కంపెనీలు ఇళ్లలో వృథాగా వదిలేశాయి. ఆ సంగతి కనిపెట్టడం షిర్లీ ప్రతిభ. ఎన్ని గంటలు కుర్చీలో కూర్చున్నారని చూడకుండా చేసిన పనిని చూసి డబ్బులివ్వడం ఆమె పెట్టిన పద్ధతి. ఎవరికి వాళ్లుగా చెల్లాచెదురుగా ఉన్నవాళ్ల పని ఒక నాణ్యతలో రావాలంటే నియమాలు గట్టిగా ఉండాలి కాబట్టి అవీ రాసుకున్నారు. ఆ ప్రమాణాలను తర్వాత నాటో కూటమి కూడా తీసుకుంది. ఇదంతా చేసిన చేతులు మూడు వందల జతలు. కీర్తి మాత్రం ఒక్క మనిషి పట్టుదలకు కట్టబెడుతున్నాం. 1975లో లింగ వివక్ష నిరోధక చట్టం వచ్చాక, ఆడవాళ్లనే తీసుకునే ఆ పద్ధతి చట్టవిరుద్ధమై, మగవాళ్లకూ తలుపులు తెరవాల్సి వచ్చింది. అప్పటికే వంటింటి బల్లల మీద కూర్చున్నవాళ్లు తాము చేయగలదేమిటో చేసి చూపించారు.

ఇక్కడ ఎదుటివాళ్లు ఒక గట్టి వాదన తెస్తారు, దాన్ని దాటవేయకూడదు. ఇంగ్లండుకు 10,000 మంది పిల్లలు వచ్చారు కదా, అందరూ షిర్లీలు కాలేదే అంటారు. నిజమే. ఆమె అసామాన్యురాలు. అదే ఏర్పాటులో వియన్నా నుంచి వచ్చిన వాల్టర్ కోన్ 1998లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. మ్యూనిక్ నుంచి వచ్చిన ఆర్నో పెంజియాస్ 1978లో భౌతిక శాస్త్రంలో అందుకున్నాడు. వాళ్ల మేధ వాళ్లది. ఆమె శ్రమ ఆమెది. నేను కాదంటున్నది శ్రమను కాదు. శ్రమ ఒక్కటే చాలునన్న మాటను కాదంటున్నాను. మిగతా తొమ్మిది వేల చిల్లర పిల్లలు నర్సులై, టీచర్లై, దర్జీలై, తల్లులై, తాతలై మామూలుగా బతికారు. ఆ బతుకుకు ఏ బహుమతీ తెచ్చి రుజువు చూపించనక్కర్లేదు. విజేతలైతేనే కాపాడినందుకు ఫలితం దక్కినట్టు అనుకోవడం ఈ పట్టుదల కథ లోపల దాగి ఉన్న విషం.

ఆమె పడిన అసలు కష్టాన్ని కూడా ఈ కథ మింగేస్తుంది. 1963లో పుట్టిన ఒక్కగానొక్క కొడుకు జైల్స్‌కు రెండేళ్లు దాటాక ఉన్న మాటలు పోయాయి. తీవ్రమైన ఆటిజం. అతడి పెంపకం, కంపెనీ, 1970ల మొదట్లో మీదపడిన మాంద్యం అన్నీ కలిసి 1976లో ఆమెను మానసికంగా కుప్పకూల్చాయి. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. జైల్స్‌ను కూడా ఆసుపత్రిలో పెట్టారు, అతడు అక్కడ ఏళ్ల తరబడి ఉండిపోయాడు. మొక్కవోని దీక్ష అనే మాట ఇక్కడ అబద్ధమవుతుంది. ఆమె దీక్ష మొక్కబోయింది, మనిషి విరిగింది, ఆ తర్వాత మళ్లీ లేచింది. ఆమె కూలిన నెలల్లో కంపెనీ కూలకపోవడానికి కారణం దాన్ని మోసిన ఆడవాళ్లు. ఆ మాట చెప్పకపోతే ఆమె కథలో సగం చెప్పనట్టే.

నా వాదనకు అన్నిటికంటే బలమైన సాక్షి షిర్లీయే. కంపెనీ నా ఒక్కదాని సృష్టి అని ఆమె నమ్మి ఉంటే దాన్ని అలాగే ఉంచుకునేది. తన వాటాల్లోంచి తీసి ఉద్యోగులకు ఇస్తూ వచ్చింది. మొదట కంపెనీలో నాలుగో వంతు వాళ్లకు చేరింది, మరెవరి జేబూ తాకకుండా ఆమె సొంత వాటాలోంచే చేరింది. 1990లు వచ్చేసరికి పనిచేసేవాళ్లే ప్రధాన యజమానులయ్యారు. 1996లో కంపెనీ లండన్ స్టాక్ ఎక్స్‌ఛేంజీకి ఎక్కాక సిబ్బందిలో 70 మంది దాకా మిలియనీర్లయ్యారు, అదీ పౌండ్లలో. ఎవరి చేతులు సంపద సృష్టించాయో ఆమెకు తెలుసు కాబట్టి వాళ్ల చేతుల్లోనే పెట్టింది.

దాతల జాబితాల్లో ఈ వాటాల పంపకానికి చోటు లేదు. ముందు ఎలాగోలా సంపాదించు, తర్వాత దానం చెయ్యి, లెక్క సరిపోతుందన్న ఆలోచన మన కాలంలో బాగా పాతుకుపోయింది. కూలివాళ్ల దగ్గర కోసుకుని గుడికి గోపురం కట్టించినవాళ్లను కూడా మనం దాతలనే అంటున్నాం. షిర్లీ వరుస వేరు. మొదటి పంపకం పనిచేసినవాళ్లకు, తర్వాతే లోకానికి. దానం గురించి ఆమె నుంచి నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే ఈ వరుసే. చెక్కు మీద ఎన్ని సున్నాలున్నాయన్నది దాని తర్వాతి సంగతి.

ఆ దానమైనా దయతలచి విసిరింది కాదు. ఆసుపత్రి నుంచి జైల్స్‌ను బయటికి తెచ్చి, ఒక ఇంట్లో మనిషిలా బతికేలా ఏర్పాటు చేయడం నుంచి కింగ్‌వుడ్ ట్రస్టు పుట్టింది. ఆ ఇంట్లో చేరిన తొలి మనిషి జైల్స్. 1998లో, 35 ఏళ్ల వయసులో, మూర్ఛ వచ్చి అతడు చనిపోయాడు. మరుసటి ఏడాదే బెర్క్‌షైర్‌లో ప్రయర్స్ కోర్ట్ అనే బడి ఆటిజం ఉన్న పిల్లల కోసం తలుపులు తెరిచింది. ఆటిజం మీద పరిశోధనకు ఆటిస్టికా సంస్థ, ఇంటర్నెట్ సమాజాన్ని ఎలా మారుస్తుందో చదవడానికి 2001లో ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ ఆమె డబ్బుతో నిలిచాయి. తనకు తెలిసినవి రెండే, కంప్యూటర్లూ ఆటిజమూ, అందుకే ఆ రెంటికే ఇచ్చింది. 2018లో తాను దానాల కోసం పెట్టిన ఫౌండేషన్‌లోని డబ్బంతా ఖర్చుపెట్టి దాన్నే మూసేసింది. తన పేరు శాశ్వతంగా వెలిగే నిధిగా దాన్ని వదలలేదు. చిన్నప్పుడు అందిన చేయికి బదులుగా ఆమె ఈ దానాన్ని చూసింది. సొంతంగా అన్నీ సాధించుకున్నానని అనుకునేవాళ్లకు తీర్చాల్సిన బాకీ ఉండదు. ఆమెకు ఉంది, ఉందని చెప్పుకుంది.

ఆ కంపెనీ తర్వాత జాన్సా పేరుతో నోయిడా, చెన్నై, పుణెల దాకా వచ్చింది. మన తెలుగు ఇళ్లకు సాఫ్ట్‌వేర్ కొలువు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. బిడ్డ పుట్టాక రెండు మూడేళ్లు ఇంట్లో ఉండి, మళ్లీ ఉద్యోగానికి వెళ్లబోతే ఇంటర్వ్యూలో ఆ ఖాళీ ఏమిటని నిలదీయించుకున్న అమ్మాయిలు మన చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్ల ముందు షిర్లీ కథ ఎలా చెబుతున్నాం? ఆరు పౌండ్లతో ఆమె చేయగలిగింది, నీకు ధైర్యం చాల్లేదు అని చెబుతున్నాం. 1962లో ఆమె అడిగిన ప్రశ్న అమ్మాయిలకు వేసింది కాదు, కంపెనీలకు వేసింది. ఇంత నైపుణ్యాన్ని ఎందుకు వదులుకుంటున్నారని అడిగింది. కంపెనీలను వదిలిపెట్టి అమ్మాయిలను నిలదీయడానికి ఆమె పేరు వాడుకోవడం తగదు.

ఒకరిని పొగుడుతూ అలాంటి మిగతావాళ్లకు తలుపులు మూసే తంతు బ్రిటన్‌లోనూ జరిగింది. వింటన్ కాపాడిన పిల్లల్లో ఒకడు, ప్రాగ్ నుంచి ఆరేళ్ల వయసులో వచ్చిన ఆల్ఫ్ డబ్స్, పెద్దయ్యాక పార్లమెంటు ఎగువ సభ సభ్యుడయ్యాడు. యూరప్‌లో తల్లిదండ్రులు లేకుండా తిరుగుతున్న శరణార్థి పిల్లల్లో 3,000 మందిని తీసుకోవాలని 2016లో వలస చట్టానికి ఆయన సవరణ తెచ్చాడు. ఆ అంకెను దిగువ సభ అయిన కామన్స్ తోసిపుచ్చింది. అంకె తీసేసిన సవరణ నెగ్గింది గానీ, ప్రభుత్వం చివరికి ఆ దారిని 480 మంది దగ్గర ఆపేసింది. ఆ మరుసటి ఏడాదే, 2017లో, ఆ దేశం షిర్లీకి కంపానియన్ ఆఫ్ ఆనర్ బిరుదు ఇచ్చింది. ఆ బిరుదుకు ఆమె నూటికి నూరుపాళ్లు తగినదే. అయితే ఆమెను నిజంగా గౌరవించదలచుకున్నవాళ్లు, బయట ఆగిపోయిన పిల్లల సంఖ్యను కూడా ఆమె పేరు పక్కనే చదవాలి. ఆ పిల్లల్లో ఎవరికీ పట్టుదల పరీక్ష పెట్టలేదు. వాళ్లకు పూచీ పడేవాళ్లు దొరకలేదు.